గిర్మాజీపేట నుంచి: మీ ఇల్లు, ఇంటిపన్ను, మేస్త్రీ చెప్పిన మాట

గిర్మాజీపేట, వరంగల్

అరేయ్ దోస్తూ,

నీ మెసేజ్‌కి రెండు ముక్కల్లో జవాబు ఇద్దామని ఫోన్ తీశాను. కానీ నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ చాయ్ పెట్టుకునే చదువు.

"ఇల్లు బాగు చేయిస్తే పన్ను పెరుగుతదా? అట్లయితే మా బావ అన్నట్టు బిల్డర్‌కే ఇచ్చేద్దామా?" ఫిలడెల్ఫియాలో కూర్చుని, ఇక్కడ తాళం వేసి ఉన్న మీ పాత పెంకుటింటి గురించి నువ్వడిగింది ఇదే కదా. ముందు ఇంటి సంగతి చెప్తాను, పన్ను తర్వాత.

తాళంచెవి మా అమ్మ దగ్గరే ఉంది కాబట్టి సుతారి మేస్త్రీని వెంటబెట్టుకుని పోయి చూపించాను. ముసలాయన, ఖిలా వైపు మనిషి. డంగుసున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే ఉన్నారు, వాళ్లలో ఈయన ఒకడు. వెనక వంటింటి మీద గూనపెంకులు జారిపోయి, ఆ సందులోంచి వానలన్నీ లోపలికే వచ్చాయి. రెండు వాసాల కొనలు పుచ్చాయి. దూలాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆయన సుత్తె తీసి ఒక్కోదాన్ని కొట్టి, చెవి పెట్టి విని, "టేకు, ఏం కాలే" అన్నాడు. ముందు అర్రలో షాబాద్ బండలు అక్కడక్కడ కుంగాయి గానీ పగల్లేదు.

అసలు జబ్బు ఎక్కడుందో తెలుసా? నడుమింట్లో గోడకు మీ బాపు ఎప్పుడో సిమెంటు పూత పెట్టించాడు చూడు, ఛాతీ ఎత్తు దాకా, నీళ్ల రంగు వేసి. ఆ పూత పొట్టలా ఉబ్బి ఉంది. మేస్త్రీ తాపీ కొన దూర్చి కొంచెం లేపేసరికి జానెడు వెడల్పున పలకలు పలకలుగా ఊడి కిందపడింది. వెనకాల గోడ తడి తడిగా, తెల్లగా చౌడు పట్టి ఉంది. సున్నపు గోడ నేలలోంచి తేమ పీల్చుకుంటుంది, గాలికి మళ్లీ వదిలేస్తుంది. మీద సిమెంటు వేస్తే ఆ తేమకు దారి మూసుకుపోయి లోపలే తిరుగుతుంది. మొన్న 2023 జులై వానలకు మన గల్లీలోకి నీళ్లు వచ్చినప్పటి తడి కూడా ఇంకా అందులోనే ఉందేమో అనిపించింది. "ఈ పూత తీసేసి సున్నం కొట్టిస్తే గోడ ఇంకో రెండు తరాలు నిలబడతది సార్" అన్నాడాయన. కూలగొట్టాల్సిన ఇల్లు కాదన్నది ఆయన మాట, నా మాట కూడా.

ఇక పన్ను. మన గల్లీలో అందరికీ ఒక భయం ఉంది. ఇంటికి లప్పం పెట్టి రంగు వేస్తే చాలు, ఎవరో వచ్చి టేపు పట్టి కొలిచి పన్ను పెంచి పోతారని. అందుకే బయట పెచ్చులూడినా కదిలించరు, లోపల మాత్రం టైల్స్ వేసుకుంటారు. మీ పక్కింటి వదినైతే దసరాకు కూడా గోడలకు సున్నం వేయించనని పట్టుబట్టింది. నవ్వొస్తుంది గానీ ఈ భయం ఉట్టిదేమీ కాదు, సగం నిజం, సగం పుకారు.

మన దగ్గర ఇంటిపన్నును ఏడాది అద్దె విలువ మీద లెక్కగడతారు. ఆంధ్రావాళ్లు 2021 నుంచి ఆస్తి మార్కెట్ విలువ పద్ధతిలోకి మారారు, మనది ఇంకా కిరాయి లెక్కే. ఆ విలువ తేల్చడానికి చూసేవి ఇల్లు ఏ జోన్‌లో ఉంది, ఎన్ని చదరపు మీటర్లు, ఏ రకం కప్పు, ఉండటానికా, వ్యాపారానికా, వయసు ఎంత. కప్పుల జాబితా చదువుతుంటే సరదాగా ఉంటుందిరా. ఆర్‌సీసీ స్లాబ్, మద్రాసు టెర్రస్, మంగళూరు పెంకు, రేకులు, నాటు పెంకు, చివరికి గుడిసె. మీ ఇల్లు నాటు పెంకు కింద వస్తుంది. అంటే అడుగున ఉన్న రకాల్లో ఒకటి.

ఇప్పుడు దీన్ని బట్టి నువ్వే చూడు. జారిన పెంకులు సర్దితే, పుచ్చిన వాసాలు మారిస్తే, గోడకు సున్నం వేయిస్తే ఈ లెక్కలో ఏదైనా మారిందా? వైశాల్యం మారలేదు, కప్పు రకం మారలేదు, వాడకం మారలేదు. అంటే పన్ను పెరగడానికి లెక్క ప్రకారం కారణమే లేదు. పెంకు తీసి స్లాబ్ పోసినప్పుడు రకం మారుతుంది. వెనక ఇంకో గది కట్టినప్పుడు వైశాల్యం మారుతుంది. మీ బావ చెప్పినట్టు వాకిట్లో అరుగు తీసేసి రెండు మడిగెలు వేసి కిరాయికిచ్చినప్పుడు ఆ మేరకు వ్యాపారం రేటు పడుతుంది. పన్ను పెరిగేది అక్కడ.

వయసు సంగతి ఇంకా చిత్రం. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తున్న లెక్కలో ఇల్లు 25 ఏళ్ల లోపుదైతే అద్దె విలువలో 10 శాతం తగ్గిస్తారు, 25 నుంచి 40 దాకా 20, 40 దాటితే 30. బాగానే ఉందనిపిస్తుంది కదా? కానీ యజమానే కాపురముంటే మొత్తం 40 శాతం తగ్గింపు, వయసు తగ్గింపు కూడా అందులోనే కలిసిపోతుంది. అంటే నిరుడు కట్టిన డాబాలో ఉన్నాయనకూ 40, తాతల నాటి పెంకుటింట్లో ఉన్న మా అమ్మకూ 40. పాత ఇంటిని కాపాడుకుంటూ అందులోనే బతికేవాళ్లకు ఆ పాతదనానికి దక్కేది సున్నా. ఇది నాకు ఒంటికి పట్టని లెక్క.

సరే, నువ్వు రాసిన ఫిలడెల్ఫియా ముచ్చటకు వద్దాం. మీ వీధిలో గోడకు గోడ ఆనుకున్న ఇటుక ఇళ్లలో ఒకాయన తన ఇల్లంతా బాగు చేయించుకుని పాత పన్నే కడుతున్నాడని అన్నావు కదా. నేను కూర్చుని చదివాను. అక్కడ పాత ఇంటిని మరమ్మతు చేస్తే, ఆ పని వల్ల పెరిగిన విలువ మీద 10 ఏళ్ల పాటు పన్ను ఉండదు. ముందు నుంచి ఉన్న విలువ మీద మాత్రం కట్టాల్సిందే. అందులో తెలివంతా అక్కడే ఉంది. ఊరికి వచ్చే పాత ఆదాయం తగ్గదు, బాగు చేసుకున్నవాడికి వెంటనే దెబ్బ పడదు. కొత్తగా కట్టే ఇళ్లకూ అదే మినహాయింపు నిండుగా ఉండేది. గొడవ లేచింది కూడా దాని మీదే. ఖరీదైన ఇళ్లు కట్టేవాళ్లే లాభపడుతున్నారని, ఆ ఊరి ఆస్తిపన్నులో సగానికి పైగా బడులకు పోవాల్సిన డబ్బు అని. 2022 నుంచి కొత్త ఇళ్లకు మినహాయింపు ఏటా 10 శాతం చొప్పున కరిగిపోయేలా మార్చారు. పాత ఇళ్ల మరమ్మతుకు మాత్రం అలాగే ఉంచారు. నాకు బాగా నచ్చింది ఆ తేడా చూపించడమే.

మీ చిన్నమ్మ కొడుకు ఉండే చికాగో వైపు, ఇల్లినాయ్‌లో, ఇంకో రకం. చారిత్రక గుర్తింపు ఉన్న ఇంట్లో యజమానే ఉంటూ, దాని విలువలో కనీసం పావు వంతు మరమ్మతుకు పెడితే, 8 ఏళ్లు పన్ను విలువను కదిలించరు. ఆ తర్వాత 4 ఏళ్లలో మెల్లగా అసలు విలువకు తెస్తారు. ఒక్కసారిగా నెత్తిన పడకుండా మెట్లు పెట్టారన్నమాట. అయితే గుర్తింపు ఉన్న ఇళ్లకే అది. మన గల్లీ ఇళ్లకు గుర్తింపు ఎవరిస్తారు? కాకతీయుల రాయి అయితే సరే. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. పోయి చూశాను, కళ్లు చెమర్చాయి. కేంద్రం 2015లో వారసత్వ నగరాల కోసం పెట్టిన హృదయ్ పథకానికి ఎంచిన 12 ఊళ్లలో వరంగల్ ఒకటి. కానీ వారసత్వం అంటే మనవాళ్లకు తోరణాలూ గుళ్లే గుర్తొస్తాయి, డంగుసున్నం గోడలు గుర్తుకు రావు.

అసలు నాకు మండేది ఇంకొకటుంది. ఏప్రిల్‌లో పన్ను కడితే 5 శాతం తగ్గిస్తారు, మంచిదే. ఏళ్ల తరబడి కట్టనివాళ్లకు అప్పుడప్పుడు బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ అని పథకం పెడతారు. వసూలు కావాలి కాబట్టి పెడతారు, అర్థమవుతుంది. కానీ వేళకు కడుతూ, సొంత డబ్బుతో వాసాలు మార్పించుకునే మనిషికి ఒక్క రూపాయి రాయితీ ఎందుకు ఉండదు? బకాయిపడ్డవాడికి ఉన్న పథకం బాగు చేసుకున్నవాడికి లేదు.

పన్ను వసూలు చేసే కార్పొరేషన్ వైపు నుంచి చూస్తే కారణం తెలుస్తుందనుకో. మీ ఇంటి జాగాలో అపార్ట్‌మెంట్ లేస్తే ఒక అసెస్‌మెంట్ (పన్ను ఖాతా) పోయి పది వస్తాయి, అన్నీ ఆర్‌సీసీ రేటులో. పాత ఇంటిని మురిపెంగా చూసుకోవడానికి లెక్కల పుస్తకానికి కారణమేముంది?

నిజం చెప్పాలంటే మీ ఇంటికి ఏడాదికి వచ్చే పన్ను వేలల్లోనే. మరమ్మతు ఖర్చు లక్షల్లో. పన్ను పూర్తిగా మాఫీ చేసినా మేస్త్రీ కూలీలో ఓ మూలకు సరిపోదు. కాబట్టి ఇక్కడ రాయితీ ఇస్తే డబ్బు పరంగా పెద్ద మేలేమీ కాదు. కావలసింది ఒక కాగితం. 40 ఏళ్లు దాటిన ఇంటిని వైశాల్యం, వాడకం మార్చకుండా బాగు చేసుకుంటే పదేళ్లు పన్ను పెంచం అని రాసి, మరమ్మతుకు ముందే చేతికిచ్చే కాగితం. పెంకు వానకు తట్టుకోదని కింద రేకు వేసి మీద పెంకు పరిచినా పాత రకం కిందే లెక్కేయాలి. ఆ హామీ ఉంటే మీ పక్కింటి వదిన కూడా సున్నం డబ్బా తెరుస్తుంది.

అది వచ్చేదాకా ఆగితే మీ వంటింటి కప్పు ఆగదు. అందుకని నీ పని చెప్తాను. పని మొదలయ్యే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి నీకు పంపుతాను, తేదీతో సహా దాచిపెట్టు. పాత పన్ను రసీదులు మీ అమ్మ ట్రంకుపెట్టెలో ఉంటాయట, మా అమ్మ చెప్పింది. వాటిలో కప్పు రకం, వైశాల్యం ఎలా రాశారో చూడాలి. రేపు ఎవరైనా వచ్చి కొలిస్తే పెరగలేదని చూపించడానికి అవే ఆధారం. పన్ను ఇంకా మీ బాపు పేరు మీదే వస్తుంది. మ్యుటేషన్, అంటే పేరు మార్పు, చేయించుకోవాలంటే నువ్వూ, మీ అన్నా సంతకాలు పెట్టాలి. ఆ గొడవ ఎప్పటికైనా తప్పదు, ఇప్పుడే పెట్టుకో.

బిల్డర్ సంగతి నీ ఇష్టం. మీ బావ చెడు కోరేవాడు కాదు. సగం ఫ్లాట్లు వస్తాయని ఆయన లెక్క, అది తప్పు లెక్కేమీ కాదు. కానీ నీకు ఫ్లాట్ కావాల్నా, ఇల్లు కావాల్నా అని ఆయన నిన్ను అడగలేదు, నేను అడుగుతున్నాను.

మేస్త్రీ చేతిలో ఇప్పుడు మన ఉర్సు ప్రాంతంలో ఒక దర్గా పని ఉంది. అది అవగానే మనకు వస్తానన్నాడు. సున్నం నానబెట్టడానికే కొన్ని వారాలు కావాలట, అడ్వాన్స్ ఇస్తే గుంత తవ్విస్తాడు. అన్నతో మాట్లాడి ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పు. చెల్లెను, పిల్లలను అడిగానని చెప్పు. మా అమ్మ నీకు సకినాలు పంపిస్తానంటోంది, ఎవరైనా వచ్చేవాళ్లుంటే నంబర్ పంపు.

నీ
గిర్మాజీపేట దోస్తు