మీ యాప్‌లో బ్యాకప్ తీసినా లెక్కలు పోయినయ్, దీని మీద ఫిర్యాదు

నమస్కారమండీ,

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాని, రెండేళ్ళ నుంచి మీ లెక్కల యాప్ వాడతన్నా. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాడు, తేజా రకమా 341 రకమా, కాటాకి ఎంత తూగింది, ముందు ఎంత అడ్వాన్స్ పట్టుకెళ్ళాడు, అన్నీ దాంట్లోనే. నెట్ లేకపోయినా నడుస్తది, డేటా మన ఫోన్లోనే ఉంటది అన్నారనే తీసుకున్నాం.

పోయిన వారం యాప్ బాగా స్లో అయిందని మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బ్యాకప్ కొట్టి యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. కొట్టా, ఎక్స్‌టర్నల్ స్టోరేజ్‌లో సేవ్ అయిందని మెసేజ్ కూడా వచ్చింది, తీసేసి మళ్ళీ వేసి రీస్టోర్ నొక్కితే ఫైలే లేదంటది. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్‌లో చేస్తాడు, వాడు చూసి చెప్పిందేంటంటే మీరు ఆ ఫైల్‌ని ఆండ్రాయిడ్, డేటా లోపల మీ యాప్ సొంత ఫోల్డర్లోనే పెడతన్నారంట, యాప్ తీసేస్తే ఫోన్ ఆ ఫోల్డర్‌ని కూడా తుడిచేస్తదంట. పేరుకే ఎక్స్‌టర్నల్, మెమరీ కార్డు కూడా కాదు. పోనీ ముందే బయటికి తీసుకుందామంటే ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్లో ఉండే ఫైల్ మేనేజర్లో ఆ ఫోల్డర్ తెరవనియ్యదు.

అంతకు రెండ్రోజుల ముందు కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి ఒక బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఉంచా కాబట్టి బతికిపోయాం. అది ఎక్కిస్తే తెరుచుకుంది కానీ ఆ బ్యాకప్ తీసిన రోజు పొద్దున, దానికి ముందే రాసిన 14 పట్టీలు (రైతుల సరుకు లెక్క చీటీలు) దాంట్లో లేవు! మీది ఎస్‌క్యూలైట్ డేటాబేస్ అంట, కొత్తగా రాసినయ్ ముందు పక్కనే ఉండే వాల్ (WAL) అనే ఇంకో ఫైల్లో పడి తర్వాత అసలు ఫైల్లో కలుస్తయ్, మీ యాప్ అసలు ఫైల్ ఒక్కటే కాపీ కొడతందని వాడి అనుమానం. చెక్‌పాయింట్ చేసి, అంటే వాల్‌లో ఉన్నయ్ అసలు ఫైల్లో కలిపి, డేటాబేస్ మూసి కాపీ తీయాలి, లేదంటే మొత్తాన్ని కొత్త ఫైల్లోకి తీసే వాక్యూమ్ ఇంటూ (VACUUM INTO) కమాండ్ వాడాలి, ఇది మీ డెవలపర్లకి తెలియంది కాదు కదండీ.

పల్నాడు నుంచి రాత్రంతా లారీ మీద వచ్చిన పెద్దాయన "నా 38 టిక్కీలు రాయలేదా బాబూ" అని అడిగితే నేను తల ఎత్తలేకపోయా. ఆయనకి మా కొట్టు మీద నమ్మకం, మీ యాప్ సంగతి ఆయనకేం తెలుసు.

బ్యాకప్ ఎక్కడ పెట్టాలో మమ్మల్నే ఎంచుకోనియ్యండి, డౌన్‌లోడ్స్ గానీ పెన్‌డ్రైవ్ గానీ. సేవ్ అయింది అనేముందు ఆ ఫైల్ తెరిచి ఎన్ని ఎంట్రీలున్నయ్యో, చివరిది ఏ తారీఖుదో చూపించండి. నేను కాగితాలు వెతుక్కుని మళ్ళీ ఎక్కిస్తన్నా, కొన్ని ఇంకా దొరకలేదు. అప్‌డేట్ ఎప్పుడిస్తారో మెయిల్లో రాసి పంపండి, అప్పటిదాకా యాప్ తీసేసి వేసుకోమని మీవాళ్ళు ఇంకెవరికీ చెప్పకుండా చూడండి.