నైట్ జాస్మిన్ అని మీరు పంపింది పారిజాతం కాదండీ

కస్టమర్ కేర్ వాళ్లకి నమస్తే,

పోయినేడాది మీ సైట్‌లో పారిజాతం మొక్క బుక్ చేశాను. పేజీలో పేరు "నైట్ జాస్మిన్" అని ఉంది, ఫొటోలో తెల్ల రేకులు, నారింజ కాడ, ఇంకేం అదే కదా అని పెట్టేశా. కుండీలో వేసి రోజూ నీళ్లు పోసి పసిపిల్లలా చూసుకుంటే మొన్న పూసింది, తీరా చూస్తే లేతాకుపచ్చ కలిసిన తెలుపు, సన్న గొట్టాల్లాంటి పూలు, గుత్తులు గుత్తులు. రాత్రయితే చాలు ఆ ఘాటుకి కిటికీలు మూసినా తలనొప్పే. పొద్దున్నే నేలంతా పరుచుకుంటాయి ఏరుకుందాం అనుకున్నదాన్ని, ఇవేమో కొమ్మకే ముడుచుకుని కూర్చున్నాయి.

చాట్‌లో అడిగితే మీవాళ్లు "రెండూ నైట్ జాస్మినే మేడమ్, ఒకటే" అన్నారు. ఒకటెలా అవుతాయండీ? పారిజాతం, అదే పగడమల్లె, బొటానికల్ పేరు నిక్టాంథెస్ అర్బోర్-ట్రిస్టిస్, మల్లె కుటుంబంలోదే. మీరు పంపింది సెస్ట్రమ్ నాక్టర్నమ్, మనం నైట్ క్వీన్, రాత్రిరాణి అంటామే అది, వంకాయ టమాటాల కుటుంబం, మల్లెకి దీనికి చుట్టరికమే లేదు. 1753లోనే లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త రెండింటికీ వేరే వేరే పేర్లు పెట్టి పోయాడు, మీరేమో మళ్లీ కలిపేశారు.

పేరు గొడవేగా అని తీసిపారేయకండి. దీని కాయలు విషం. తెల్లగా ముత్యాల్లా ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్ల ఉంది, నోట్లో పెట్టుకుంటే? ఆ ముక్క మీ పేజీలో ఎక్కడా లేదు.

నాదీ కొంచెం తప్పుందిలెండి, వచ్చిన రోజే ఆకు పట్టుకుని చూడాల్సింది. పారిజాతం ఆకు వేలితో రాస్తే సాండ్ పేపర్‌లా గరుగ్గా ఉంటుంది, లేత కొమ్మ నలుపలకలుగా తగులుతుంది, ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఇదేమో నున్నటి ఆకు, గుండ్రటి కొమ్మ, ఒకటి ఇటు ఒకటి అటు. ఏడాది పాటు రోజూ చూస్తూ కూడా నాకు వెలగలేదు, కానీ నర్సరీ నడిపే మీకు తెలియకపోతే ఎలా?

ఈ మొక్కని వెనక్కి పంపను, పాపం దాని తప్పేముంది, పిల్లకి అందనిచోట గోడ అవతల నాటేస్తా. నాకు మాత్రం అసలు పారిజాతం పంపండి, పేజీలో తెలుగు పేరు పక్కన బొటానికల్ పేరు కూడా రాయండి, నైట్ క్వీన్ పేజీలో కాయల సంగతి పెట్టండి. ఆర్డర్ వివరాలు, ఆకు ఫొటోలు, పూల ఫొటోలు ఈ మెయిల్‌కే జత చేశాను. ఈసారి ప్యాక్ చేసే ముందు ఎవరైనా ఒక్కసారి ఆ ఆకు రాసి చూడండి, గరుగ్గా తగిలితేనే పంపండి.