చారిత్రక నవలకు నాలుగు రోజులు చాలవు

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లోని పఠన వేదిక ఈ నెలకు కాకతీయుల కాలపు చారిత్రక నవలను ఎంచుకుందని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఎంపిక మంచిదే, అభినందించాలి. కానీ ఆ వార్తలో సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, వందన సమర్పణ చేసేవారు, ఇలా పేర్లే ఉన్నాయి. ఏ ముద్రణ చదవాలి, ఎన్ని పేజీలు, ప్రతి ఎక్కడ దొరుకుతుంది అన్నవి లేవు. అప్పటికి సభకు మిగిలింది నాలుగు రోజులు. నాలుగు వందల పైచిలుకు పేజీలు నాలుగు రోజుల్లో ఎవరు పూర్తి చేస్తారు? చివరికి ఏం జరిగిందో అందరికీ తెలుసు. గంటకు పైగా శాలువాలు, ఉపన్యాసాలు. ఆ తర్వాత రాజవంశం ఏ కులమని రగడ. నవల గురించి పావుగంటైనా మాట్లాడలేదు.

ఇలాంటి నవలకు నెల రోజులు పడుతుంది. రోజుకు పదిహేను పేజీల చొప్పున చదివితే నాలుగు వందల పేజీలు 27 రోజుల్లో అవుతాయి, చివర మూడు రోజులు తిరగేసుకోవడానికి మిగులుతాయి. అందరి చేతిలో ఒకే ముద్రణ ఉండాలి. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైన నవలల్లో ఒక ముద్రణలో ఉన్న ప్రకరణం ఇంకోదానిలో కుదించి ఉండొచ్చు. పేజీ సంఖ్యలైతే ఎలాగూ కలవవు. "212వ పేజీ చూడండి" అని ఒకరంటే మిగతావాళ్లు పేజీలు తిప్పుతూ కూర్చోవాల్సి వస్తుంది. అప్పుడు ప్రకరణం సంఖ్యతో చెప్పుకోవడం ఒక్కటే దారి.

ముద్రణ సంగతి ఎలా ఉన్నా, నవల మొదట అచ్చయిన సంవత్సరం మాత్రం ప్రకటనలో తప్పక ఉండాలి. ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. రుద్రమదేవి పాలన 1290ల మధ్య దాకా సాగిందని చరిత్రకారులు చాలాకాలం రాస్తూ వచ్చారు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చాక లెక్క మారింది. ఆమె, సేనాని మల్లికార్జున నాయుడు మరణించాక వారి పుణ్యం కోసం ఒక సేవకుడు చేసిన దానం అది, శక సంవత్సరం 1211 నాటిది. క్రీస్తుశకంలోకి మార్చడానికి దానికి 78 కలిపితే 1289. ఆ శాసనం బయటపడక ముందు రాసిన నవలలో ఆమె 1292లో కొలువు తీర్చి కనిపిస్తే ఆ రచయితది తప్పు కాదు, ఆనాటికి తెలిసిన చరిత్ర అంతే. శాసనం బయటపడ్డాక కూడా అలాగే రాసినవారిని మాత్రం నిలదీయాలి. మొదటి ముద్రణ సంవత్సరం తెలియకుండా ఈ రెంటినీ ఎలా విడదీస్తారు? ఆ సంవత్సరం చెప్పకుండానే వేదిక మీద "చరిత్రను వక్రీకరించారు" అని కేకలు వేశారు.

శాసనం తేదీ లెక్కగట్టడం కూడా కష్టమేమీ కాదు. శకానికి 78 కలపాలి. పుష్య మాఘ ఫాల్గుణాల్లో తేదీ జనవరిలో గానీ ఆ తర్వాత గానీ పడితే 79. నవలలో ఉత్త "విరోధి నామ సంవత్సరం" అనే ఉంటే అది చాలదు, ఆ పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. 1289 విరోధి, 2009 కూడా విరోధే. మధ్యలో పన్నెండు ఆవృత్తులు గడిచాయి. అందుకే శకం, సంవత్సరం పేరు రెండూ సరిచూసుకోవాలి. ఒకటి కుదిరి ఇంకోటి కుదరకపోతే రచయితో, అచ్చువేసినవారో ఎక్కడో పొరబడ్డట్టే.

చదివేటప్పుడు ఒక కాగితాన్ని మూడు నిలువు గళ్లుగా గీసుకుంటే చాలు. మొదటి గడిలో శాసనాల్లో ఉన్నవి, రెండో గడిలో తర్వాతి కాలపు చరిత్రలు, ఊళ్ల స్థానిక చరిత్రలైన కైఫీయతులు, విదేశీయుల రాతల్లో ఉన్నవి, మూడో గడిలో రచయిత కల్పన. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో రుద్రమదేవిని రాజుగారి భార్యగా, వితంతువుగా రాశాడు. శాసనాలను బట్టి ఆమె కాకతీయ రాజు గణపతిదేవుని కూతురు. నవల ఎవరిని నమ్మిందో ఈ గళ్లలో తేలిపోతుంది. కల్పన గడి నిండిందని నవలను తీసిపారేయనక్కర్లేదు. శాసనం దానం ఇచ్చినవాడి పేరు చెబుతుంది, అతని ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో చెప్పదు. నవలాకారుడి పని అక్కడ మొదలవుతుంది. మన సభల్లో ఈ తేడా ఎవరూ పాటించకపోవడమే బాధ.

రోజువారీ జీవితాన్ని ఇంకా దగ్గరగా చూడాలి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. పదమూడో శతాబ్దపు వంటింట్లో ఎండుమిరపకాయలు దంచితే అది పొరపాటు. మిరప అమెరికా ఖండపు మొక్క, 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గాన వచ్చిన తర్వాతే మన నేల మీద పెరిగింది. పొగాకు, వేరుశనగ కూడా అంతే. కాకతీయుల నాటి కారం మిరియాలది. 1244 నాటి మోటుపల్లి రేవు అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలతో పాటు మిరియాలూ ఉన్నాయి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, ఇకమీదట సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని గణపతిదేవుడు వర్తకులకు మాట ఇచ్చింది అందులోనే. రేవు సన్నివేశాలున్న నవలను ఆ శాసనం పక్కన పెట్టుకోకుండా చదవడం దండగ.

లేఖ రాసే సన్నివేశం ఒకటి తప్పక ఉంటుంది. కలం సిరాలో ముంచి తాటాకు మీద రాసినట్టు ఉంటే రచయిత తాటాకు చేత పట్టి ఎరగడన్నమాట. ఆకును ఎడమచేత్తో పట్టుకుని గంటంతో గీస్తారు. గీతలు మొదట కంటికి ఆనవు, తర్వాత నూనెతో కలిపిన మసి రుద్ది తుడిస్తే అక్షరాల్లో నలుపు నిలుస్తుంది. ఇక మాటలు. గణపతిదేవుని కొలువులో "ఖజానా", "హుకుం", "సిపాయి" అనే పారసీ, అరబీ మాటలు వినిపిస్తే గుర్తు పెట్టుకోవాలి. బొక్కసం, ఆనతి, బంటు అనే మాటలు మనకు ఉన్నాయి కదా. నిమిషాలూ గంటలూ కాదు, గడియలూ జాములూ ఉండాలి. గడియంటే 24 నిమిషాలు, జామంటే మూడు గంటలు. "రెండు గడియల్లో వస్తాను" అన్న బంటు ముప్పావుగంట దాటాక వస్తాడు, అది తెలిస్తే కథలో ఆ ఎదురుచూపు బరువు తెలుస్తుంది.

ఇవన్నీ ఒక్కరే చూడలేరు. తేదీలు ఒకరు, ఊళ్లూ దారులూ ఒకరు, మాటలూ వస్తువులూ ఒకరు పంచుకుని ఒక్కో పేజీ రాసుకొస్తే సభలో తలా పది నిమిషాలు చాలు. మిగతా గంటన్నరా పాత్రల గురించి, కథ నడక గురించి మాట్లాడుకోవచ్చు.

శాసన సంపుటాలు కావాలంటే గ్రంథాలయాలకే వెళ్లాలి. అక్కడ అవి బీరువాలో ఉంటాయి, తాళం ఎవరి దగ్గరుందో అడిగితే జవాబుండదు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకం జనం కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు సమయానికి గ్రంథాలయాలకు చేరదు, ఖాళీ అయిన ఉద్యోగాలు నిండవు, కొత్త పుస్తకాలు రావు. రుద్రమదేవి పేరు వేదికల మీద పలికే అధికారులు ఆమె శాసనాలున్న పుస్తకాన్ని పాఠకుడి చేతికి అందించే ఏర్పాటు చేయరు. ఇది చాలా కోపం తెప్పించే విషయం.

వచ్చే నెల పుస్తకం పేరు ఒకటో తేదీకే మీ పత్రికలో ప్రకటించమని వేదికవారిని కోరుతున్నాను. ముద్రణ, పేజీలు, మొదట అచ్చయిన సంవత్సరం, ప్రతులు దొరికే చోటు, ఈ నాలుగూ వేయండి. చోటు చాలకపోతే అతిథుల పేర్లు తీసేయండి.

— ఒక పాఠకుడు