మదర్‌బోర్డు పోయిందని అప్పుడే తేల్చేయకు

ఒరేయ్ మురళీ,

నీ మెసేజీ చూశాను. సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతోందని, మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి డిస్‌ప్లే రావడం లేదని, మదర్‌బోర్డు పోయిందని ఎవరో చెప్పారని రాశావు. కొత్తది కొనేయమంటావా అని అడిగావు. వద్దురా. కనీసం ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా ఆగు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. రాసి పంపితే పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకోవచ్చని ఇలా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నీ ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసెయ్. తప్పు ఎక్కడుందో ఇంకా తెలియదు కదా. సిస్టమ్ నడుస్తూ నడుస్తూ కరెంటు తెగినట్టు ఆగిపోతుంటే, ఆ సమయానికి డిస్కులోకి రాస్తున్న ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంటుంది. భాగాలు మళ్లీ కొనుక్కోవచ్చు, పిల్లల ఫోటోలు కొనుక్కోలేం. ఈ పని అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టుకో.

ఇక మదర్‌బోర్డు సంగతి. ఆ మాట అన్నిటికంటే చివర చెప్పాల్సిన మాట. ర్యామ్‌ని, అంటే పని నడిచేటప్పుడు డేటా తాత్కాలికంగా ఉండే మెమరీని, పరీక్షించడానికి ప్రోగ్రాములు ఉన్నాయి. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే లెక్కలు రాసుకుంటుంది. ఎస్ఎమ్‌పీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా, దాని వోల్టేజీని మీటరుతో కొలవొచ్చు. మదర్‌బోర్డుకు అలాంటి సూటి పరీక్ష ఇంట్లో చేసేది ఏదీ లేదు. మిగతావన్నీ బాగున్నాయని ఒక్కొక్కటిగా తేలాక, ఇక మిగిలింది అదే కాబట్టి అదే అయి ఉండాలని అనుకుంటాం. క్యాబినెట్ తెరవకుండానే ఎవరైనా బోర్డు పోయిందన్నారంటే అది ఊహే.

నిన్ను నేను అడిగేది ఒకటే: ఎప్పుడు ఆగిపోతోంది? నువ్వు ఎంతసేపూ ఏమవుతోందో రాశావు కానీ ఎప్పుడవుతోందో రాయలేదు. ఆన్ చేసిన రెండు నిమిషాలకా, గంట పని చేశాకా? గేమ్ ఆడుతున్నప్పుడా, వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడా, ఊరికే వదిలేసినప్పుడా? రాత్రంతా ఆపి ఉంచి పొద్దున ఆన్ చేస్తేనే డిస్‌ప్లే రావడం లేదా, వేడిగా ఉన్నప్పుడు కూడానా? ఒక కాగితం తీసుకుని ఆగిన ప్రతిసారీ టైము, అప్పుడు చేస్తున్న పని రాసిపెట్టు. నాలుగైదు సార్లు రాసేసరికి నీకే ఒక పద్ధతి కనిపించడం మొదలవుతుంది.

ఎలా ఆగుతోందన్నది కూడా గమనించు. స్విచ్ కట్టేసినట్టు ఫ్యాన్లతో సహా ఠక్కున ఆగిపోతే ముందు అనుమానించాల్సింది కరెంటు సరఫరాని, ఆ తర్వాత వేడిని. తెర మీద బొమ్మ అలాగే బిగుసుకుపోయి ఫ్యాన్లు మాత్రం తిరుగుతుంటే అది హ్యాంగ్. దానికి ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్లు (ఆ భాగాలని నడిపించే సాఫ్ట్‌వేర్) ఏవైనా కారణం కావచ్చు. బ్లూ స్క్రీన్ వస్తే దాని కింద ఉన్న పేరు ఫోటో తీసిపెట్టు. ఆ పేరు ప్రతిసారీ ఒకటే వస్తే ఎక్కువగా ఒక డ్రైవరో ఒక భాగమో కారణం. ప్రతిసారీ పొంతన లేకుండా మారుతుంటే నా మనసు ముందుగా ర్యామ్ మీదికి పోతుంది.

విండోస్‌లో జరిగిన సంగతులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో వరసగా కనిపిస్తాయి. వాటిని చూసి కంగారు పడకు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ లేచిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. పవర్ అన్న మాట ఉంది కదా అని ఎస్ఎమ్‌పీఎస్ మార్చేసేవాళ్లున్నారు. దాని కంటే అక్కడే డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అనే పేరుతో ఏమైనా ఉన్నాయేమో వెతుకు. హార్డ్‌వేర్ తనంతట తాను ఫిర్యాదు చేసినప్పుడు వచ్చేవి అవి. ఉంటే నాకు పంపు.

వేడి సంగతి తేల్చడం తేలిక కాబట్టి ముందు అదే చూసెయ్. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము పెట్టుకుని, బరువైన పని ఏదైనా నడుపుతూ ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎక్కడిదాకా పోతోందో చూడు. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్‌ని ఆపేస్తాయి. అంటే వేడి వల్ల ఆగేముందు మామూలుగా కాసేపు నెమ్మదించడం కనిపిస్తుంది. ఆన్ చేసిన నిమిషంలోపే ఉష్ణోగ్రత తొంభై దాటిందంటే వేడిని లాగే లోహపు హీట్‌సింక్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనడం లేదు, లేదా పైనున్న ఫ్యాన్ తిరగడం లేదు. మెల్లగా ఎక్కుతుంటే దుమ్ము, ఆ రెంటి మధ్య పూసి ఎండిపోయిన థర్మల్ పేస్ట్. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకో. గాలి జోరుకి అది అదుపు లేకుండా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

ఉష్ణోగ్రత అరవై డెబ్భైల్లో ఉండగానే ఠక్కున ఆగిందనుకో, అప్పుడు ఎస్ఎమ్‌పీఎస్ దగ్గరికి రా. నువ్వు రాసిన లక్షణాలు చదివినప్పటి నుంచీ నా అనుమానం దీని మీదే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ముందు బయటి నుంచి మొదలుపెట్టు. ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్ రెండూ తీసేసి సిస్టమ్‌ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఒక రోజు నడిపి చూడు. బ్యాటరీ అయిపోవచ్చిన యూపీఎస్ కూడా లోడు పడగానే చేతులెత్తేస్తుంది, ఆ నింద కంప్యూటర్ మీద పడుతుంది. పవర్ కేబుల్ కూడా మార్చి చూడు.

తర్వాత లోపల. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకుని అప్పుడు చెయ్యి పెట్టు. బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల చిన్న కనెక్టర్, రెంటినీ తీసి మళ్లీ క్లిక్ మనేదాకా నొక్కు. ప్లాస్టిక్ ఎక్కడైనా గోధుమ రంగుకి మారి, కాలిన వాసన వస్తే అక్కడే ఆగి నాకు ఫోటో పంపు. గ్రాఫిక్స్ కార్డుకి రెండు కనెక్టర్లు ఉంటే, ఒకే తీగకున్న రెండు కొసలు తగిలించకుండా విడివిడిగా రెండు తీగలు వేయి. 8 పిన్నుల కనెక్టర్ ఒక్కోటీ 150 వాట్లకు, బోర్డు మీది స్లాటు 75 వాట్లకు ఉద్దేశించినవి. కార్డు ఒక్క క్షణం పాటు ఎక్కువ లాగినప్పుడు పాతబడిన ఎస్ఎమ్‌పీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. గేమ్ ఆడేటప్పుడే ఆగుతోందంటే ఇదే చూడాలి.

మల్టీమీటరు ఉంటే డిస్కుకి వెళ్లే కనెక్టర్లో పసుపు తీగకీ నల్ల తీగకీ మధ్య కొలువు. 12 వోల్టులు రావాలి. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 మధ్య. ఎర్ర తీగ మీద 5 వోల్టులు, అది 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. తీగలన్నీ నల్లగా ఉన్న రకమైతే రంగు చూసి నమ్మకు, మాన్యువల్లో పిన్నుల బొమ్మ చూసుకో. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించినంత మాత్రాన అది బాగుందని కాదు, లోడు పెట్టి కొలిచినప్పుడే నిజం తెలుస్తుంది. తెర మీద ప్రోగ్రాములు చూపించే వోల్టేజీలకు నేనైతే విలువ ఇవ్వను, తప్పుడు అంకెలు చూపించడం మామూలే. ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్పు: ఎస్ఎమ్‌పీఎస్ డబ్బా మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవవు. లోపలి పెద్ద కెపాసిటర్లో సుమారు 400 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసేశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటాయి. దాన్ని బాగుచేసుకోవద్దు, తప్పు దానిదే అని తేలితే మార్చేద్దాం.

డిస్‌ప్లే రాకపోవడం వేరే కథ కావచ్చు, లేదా రెండూ ఒకటే కావచ్చు. ఇప్పుడే కలిపేయకు. ముందు మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి ఉందో బోర్డుకి ఉందో చూడు. కార్డు ఉన్నప్పుడు కార్డుకే పెట్టాలి. ఆ తర్వాత బోర్డు మీద ఒక మూల సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో వెతుకు. ఆన్ చేసినప్పుడు ఏది వెలిగి అలాగే నిలిచిపోతుందో అక్కడే సిస్టమ్ ఆగిందన్నమాట. అవి లేకపోతే చిన్న స్పీకరు తగిలించి బీప్‌లు విను. ఆ బీప్‌ల అర్థం బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాము) తయారుచేసినవాళ్లని బట్టి మారుతుంది కాబట్టి నీ బోర్డు మాన్యువల్ చూసే అర్థం చేసుకో.

డీర్యామ్ లైటు నిలిచిందా, ర్యామ్ రెండు స్టిక్కులూ తీసెయ్. ఒక్కదాన్ని మాత్రమే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో పెట్టు. నాలుగు స్లాట్లున్న చాలా బోర్డులకు అదే సరైన చోటు, అయినా మాన్యువల్లో ఒకసారి చూసుకో. రెండు వైపులా గట్టిగా కూర్చోవాలి. సగం కూర్చున్న ర్యామ్ చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఒకలా ప్రవర్తిస్తుంది, అందుకే ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాకపోవడం. బంగారు రంగు పిన్నులని రబ్బరుతో గట్టిగా రుద్దకు, పూత పోతుంది. మెత్తని పొడిబట్టతో తుడిస్తే చాలు. నీది డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ అయితే ఇంకో సంగతి గుర్తుంచుకో. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాన్ని తనకి తగ్గట్టు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండిపోతుంది. చచ్చిపోయిందనుకుని మధ్యలో ఆపేయకు.

డిస్‌ప్లే వచ్చిందంటే బయోస్‌లో ఎక్స్ఎమ్‌పీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగు) అని ఉంటే ఆపేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని అందులోంచే బూట్ చేసి, రాత్రి పడుకునేముందు నడవనివ్వు. విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది కాబట్టి దాని మాట నమ్మొచ్చు. పొద్దునకి ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్‌ని నేను నమ్మను. ఒకటే కదా అని వదిలేయడం ఉండదు, అది నీ ఫైళ్లలోకి పాకుతుంది. తప్పు వస్తే స్టిక్కులని విడివిడిగా, ఒకే స్లాటులో పెట్టి మళ్లీ పరీక్షించు. స్టిక్కుతో పాటు తప్పు కదిలితే స్టిక్కు పోయింది. ఏ స్టిక్కు పెట్టినా అదే స్లాటులో తప్పొస్తుంటే, అప్పుడు బోర్డు మాట మొదటిసారి మాట్లాడుకోవచ్చు. ఎక్స్ఎమ్‌పీ ఆపగానే రోగం కుదిరితే ర్యామ్ బాగానే ఉంది, దాన్ని పెట్టిన వేగమే ఎక్కువైంది.

డిస్కుని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో చూసెయ్, ఐదు నిమిషాల పని. పాత రకం హార్డ్ డిస్కయితే స్మార్ట్ పట్టికలో (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు అవే) పాడైన చోట్ల లెక్క చూపించే 5, 197 నంబర్ల వరసల్లో సున్నా కాకుండా అంకె ఉండి, అది రోజురోజుకీ పెరుగుతుంటే డిస్కు చివరి దశలో ఉంది. 199 మాత్రమే పెరుగుతుంటే డిస్కుని అనుకోకు, ఎక్కువసార్లు తప్పు డిస్కుని బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది. దాన్ని మారిస్తే సరిపోతుంది. ఆన్ చేసినప్పుడల్లా టైము తప్పుగా చూపిస్తుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చు. సీఆర్2032 అని అడుగు, 3 వోల్టులది.

ఇవన్నీ చేసేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చు మురళీ. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ర్యామ్ తీసి, కేబుల్ మార్చి, బయోస్ అప్‌డేట్ చేసి, అన్నీ ఒకే సాయంత్రం కానిచ్చాక సిస్టమ్ బాగుపడితే సంతోషమే, కానీ ఏది బాగుచేసిందో తెలియదు. నెల తర్వాత మళ్లీ అదే వస్తే మళ్లీ మొదటి నుంచి. పైగా సిస్టమ్ రోజూ ఆగిపోతున్నప్పుడు బయోస్ అప్‌డేట్ అసలు పెట్టుకోకు, సగంలో ఆగిందంటే ఉన్న బోర్డు కూడా పోతుంది.

దీంట్లో విండోస్ తప్పు ఎంతుందో తెలుసుకోవాలంటే లినక్స్ ఏదో ఒకటి పెన్ డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే ఒక పూట నడుపు. అందులోనూ అలాగే ఠక్కున ఆగితే హార్డ్‌వేరే. అందులో బాగా నడిచినంత మాత్రాన హార్డ్‌వేర్ బాగుందని అనుకోలేం, అంత లోడు పడి ఉండకపోవచ్చు. అయినా ఒక ఆధారం దొరికినట్టే.

ఇంత చేసినా దారి దొరక్కపోతే, గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, యూఎస్‌బీలు అన్నీ తీసేసి ప్రాసెసర్, దాని కూలర్, ఒక ర్యామ్ స్టిక్కుతో మాత్రమే ఆన్ చేసి చూద్దాం. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే తెర వస్తుంది, లేకపోతే ఆ నాలుగు లైట్లే మనకి దారి. అక్కడి నుంచి ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే ఏది పెట్టగానే చెడుతోందో అదే పట్టుబడుతుంది. ఆ రోజు వీడియో కాల్ పెట్టు, ఇద్దరం కలిసి చేద్దాం, తొందర లేదు.

ఈ వారం నాకు కావలసినవి: నువ్వు రాసిన టైముల కాగితం ఫోటో, లోడులో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఎస్ఎమ్‌పీఎస్ పక్కన అంటించిన లేబుల్ ఫోటో. దాని మీద 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లని రాసుందో కనిపించేలా తీయి. గ్రాఫిక్స్ కార్డు మోడల్ కూడా రాయి, రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూసి చెబుతాను.

నీ,
శేఖర్