జాతిహననాన్ని మన చట్టంలో నేరంగా చేర్చండి
కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, కలిమెల. కోయలు, ఒడియావాళ్లు, తెలుగువాళ్లం, బెంగాలీలు కలిసి బతికే ప్రాంతం. బెంగాలీల ఊళ్లను ఇప్పటికీ ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) అని, పక్కన ఒక నంబరు పెట్టి పిలుస్తాం. తూర్పు పాకిస్తాన్ నుంచి ఇల్లూ పొలమూ వదిలి వచ్చిన కుటుంబాలకు, 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద ఇక్కడ భూములిచ్చారు. వాళ్ల పిల్లలూ నా దగ్గర చదువుకున్నారు.

"హిట్లర్ కాలంలో జరిగినట్టు మళ్లీ జరుగుతుందా సార్?" అని క్లాసులో అడిగేవాళ్లు. మళ్లీ జరిగింది అనే చెప్పాల్సి వచ్చేది. 1994లో రువాండాలో సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు, ఎక్కువమంది అక్కడి మైనారిటీ జాతి టుట్సీలే. అంతకుముందు నెలల తరబడి రేడియోలో వాళ్లను బొద్దింకలన్నారు. గుర్తింపు కార్డులో జాతి రాసి ఉండేది. రోడ్డు మీద ఆపి, కార్డు చూసి నరికారు. మరుసటి ఏడాది బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో, ఐక్యరాజ్యసమితి సురక్షిత ప్రాంతమని ప్రకటించిన చోటే, 8 వేలకు పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపారు. 2017లో 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ వదిలి పారిపోయారు. అక్కడ విద్వేషం ఫేస్‌బుక్‌లో పాకింది. దాన్ని ఆపడానికి చేయాల్సినంత చేయలేదని ఆ కంపెనీయే 2018లో ఒప్పుకుంది.

మరి మన చట్టం ఏం చేస్తోంది? జాతిహననం అంటే ఒక జాతినో మతాన్నో తుడిచిపెట్టాలని చేసే నేరం. 1948 నాటి ఐక్యరాజ్యసమితి జాతిహనన నిరోధక ఒప్పందాన్ని భారత్ 1959లో ఆమోదించింది. అవసరమైన చట్టం ప్రతి దేశమూ చేసుకోవాలని అందులోని 5వ అధికరణం చెబుతోంది. మనం చేసుకోలేదు. 2018 డిసెంబరులో, 1984 సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపి, వెంటనే సరిచేయాలంది. ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ మురళీధర్ తర్వాత మా ఒడిశా హైకోర్టుకే ప్రధాన న్యాయమూర్తిగా వచ్చారు. 2024 జులైలో ఐపీసీ స్థానంలో కొత్త భారతీయ న్యాయసంహిత అమల్లోకి వచ్చింది. అందులోనూ ఈ నేరం లేదు.

ఆ సంహితలో 103(2) సెక్షను ఉంది కదా అని మీ శాఖవాళ్లు అనొచ్చు. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో చేసే హత్యకు అది వర్తిస్తుంది. మంచిదే. కానీ అది చంపిన గుంపును పట్టుకునే సెక్షను. ఒక జాతినే తుడిచిపెట్టాలని పథకం వేసినవాడి ఉద్దేశం అక్కడ నేరంగా నిలబడదు.

మాలాంటి సరిహద్దు జిల్లాల్లో ఎవరో ఒకరు ఇంకొకరికి బయటివాళ్లే. వాట్సాప్‌లో ఒక పుకారు వస్తే చాలు, సంతకెళ్లాలంటే టెన్షన్. అందుకే అడుగుతున్నాను. రాబోయే పార్లమెంటు సమావేశాల్లోనే బిల్లు పెట్టండి. రెచ్చగొట్టడం కూడా శిక్షార్హమని ఒప్పందంలోని 3వ అధికరణం చెబుతోంది, దాన్ని బిల్లులో వదిలేయకండి. ముసాయిదాను తెలుగు, ఒడియా, బెంగాలీ, కోయ భాషల్లో కూడా ఇప్పిస్తే, మా వైపువాళ్లు చదివి అభిప్రాయాలు పంపుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
కలిమెల, మల్కన్‌గిరి జిల్లా