తమ్ముడి కాలేజీ సంగతి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

మావా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. సెమిస్టర్ పరీక్షల టెన్షన్‌లో పడి జవాబు రాయలేకపోయాను, ఏమీ అనుకోకు. తమ్ముడికి ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారుగా) మంచి ర్యాంకు వచ్చిందని చదివి మా రూమంతా సంబరపడ్డాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

"మీ కాలేజీలో చేర్చమంటావా?" అని అడిగావు. నా ఒక్కడి మాట చాలదనిపించి, నాలుగు రోజులు మెస్‌లో, బస్సులో కనిపించిన వాళ్లందర్నీ అడిగాను. గాజువాక నుంచి వచ్చేవాళ్లు పొద్దున్న ఏడింటికే కాలేజీ బస్సెక్కుతారు. ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, ఇక పుస్తకం తెరిచే ఓపికెక్కడిది? ఆడపిల్లలందరిదీ ఒకటే మాట: లైబ్రరీ ఆరింటికే మూసేస్తున్నారు, రాత్రి తొమ్మిది దాకా ఉంచితే చాలు అని. అది న్యాయమైన కోరిక. మెస్ పర్వాలేదు. ఆదివారాలు బీచ్‌కి వెళ్లి మురీ మిక్చర్ తింటూ కూర్చుంటే వారం బరువంతా దిగిపోతుంది. పరీక్షలకి చదివేవాళ్లు కొందరు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి పోతారు. అక్కడ పక్కవాడు చదువుతుంటే మనకీ చదవాలనిపిస్తుంది.

ఇక ఉద్యోగాల సంగతి. కౌన్సెలింగ్ దగ్గర పడేసరికి మద్దిలపాలెంలో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎటు చూసినా జీతాల ప్యాకేజీల హోర్డింగులే. వాటిని చూసి నిర్ణయం తీసుకోకు మావా. ఏ కాలేజీకి వెళ్లినా "ఎన్ని ఆఫర్లు?" అని కాదు, "ఎంతమంది పిల్లలకి వచ్చాయి?" అని అడుగు. ఒకడికే మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే చోట్లున్నాయి. తమ్ముడు తీసుకునే బ్రాంచి వాళ్లకి ఏ కంపెనీలు వచ్చాయో కూడా విడిగా అడుగు. మెకానికల్, సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినవాళ్లే మా సీనియర్లలో ఎక్కువ. ఆఫర్ లెటర్ వస్తే అంతా అయిపోయినట్టు కాదు. 2022లో పాసైనవాళ్లు కొందరు ఆ కాగితం పట్టుకుని జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. మా దగ్గర సీఆర్టీ క్లాసులు, అంటే క్యాంపస్ ఉద్యోగాలకి తయారుచేసే క్లాసులు, మూడో ఏడాది చివర్లో మొదలవుతాయి. ఆప్టిట్యూడ్, కోడింగ్, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ అన్నీ రెండు నెలల్లో కుక్కేస్తారు. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషులో మాట్లాడినవాడికి అది చాలు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడికి ఎలా చాలుతుంది?

మా రూమ్మేటే చూడు. పాడేరు వైపు కుర్రాడు. పాలిటెక్నిక్ చేసి, డిప్లొమా వాళ్లకి పెట్టే ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరాడు, ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్) బ్రాంచి. వాళ్ల నాన్నది మోటార్ వైండింగ్ షాపు. మొన్న వరండాలో మాక్ ఇంటర్వ్యూ పెట్టాం. "నీ గురించి చెప్పు" అని ఇంగ్లీషులో అడగ్గానే బిగుసుకుపోయాడు. చేతి చెమటకి రెజ్యూమె మూల మెత్తబడిపోయింది. చివరికి నా వైపు తిరిగి, "ఏటి చెప్పాలన్నా?" అన్నాడు. నాకు గుండె కలుక్కుమంది.

అప్పుడు తెలుగులోనే అడిగాను: "మీ షాపుకి కాలిపోయిన మోటార్ వస్తే ముందు ఏం చూస్తావు?" ఇక ఆగలేదు మావా! ముందు వాసన చూస్తాడట, వార్నిష్ మాడితే తెలిసిపోతుందట. చేత్తో షాఫ్టు తిప్పి బేరింగ్ చూస్తాడు. తర్వాత మీటరు పెట్టి కంటిన్యుటీ, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్. పాత తీగ విప్పేటప్పుడు ఏ స్లాట్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్క రాసుకోవాలట, అది తప్పితే మోటార్ మళ్లీ కాలుతుందట. పావుగంట చెప్పాడు. అందులో సగం మాటలు ఇంగ్లీషువే! అవే కాగితం మీద వరసగా రాసి, మధ్యలో చిన్న చిన్న వాక్యాలు పెట్టి చదివించాం. మూడో రాత్రికి చూడకుండా చెప్పాడు.

తర్వాతి వారం ఒక కంపెనీ టెక్నికల్ రౌండ్‌లో మోటార్ల మీదే ప్రశ్న వచ్చిందట. రిజల్ట్ ఇంకా రాలేదు. వస్తే వెంటనే రాస్తాను. వాడిని గేట్ కూడా రాయమంటున్నాం, అదే ఎంటెక్ సీట్లకి పెట్టే పరీక్ష. 100 మార్కుల్లో 15 ఆప్టిట్యూడ్‌వే, ఎలాగూ ప్లేస్‌మెంట్లకి అది చదవక తప్పదు. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది, కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు దాన్ని బట్టే ఉద్యోగాలకి పిలుస్తాయి.

కాబట్టి తమ్ముడు ఎక్కడ చేరినా సరే, మొదటి ఏడాది నుంచే రోజూ పది నిమిషాలు ఎవరో ఒకరి ముందు నోరు విప్పాలి. ముందు తెలుగులోనే చెప్పనీ, తప్పులేదు. మా కాలేజీకే వస్తే ఆ పూచీ నాది. ఈ ఏడాది వారానికి రెండు సాయంత్రాలు జూనియర్లతో కూర్చుందామని మేం ఆరుగురం అనుకున్నాం.

కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టేలోపు వాడిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం రా. కాలేజీ బయట నుంచి కాదు, హాస్టల్లో కూర్చోబెట్టి అందరితో మాట్లాడిస్తాను. మీ ఇంట్లో మిక్సీ కాలిపోయి మూలన పడుందన్నావు కదా, అదీ తీసుకురా. మా పాడేరు కుర్రాడి చేత తమ్ముడి ముందే విప్పిస్తాను.

నీ మావ