కొండదారి కోసం రూపం మార్చుకొన్న చిన్న కార్లకు చట్టంలో చోటు కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల ప్రదర్శనను గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. దశాబ్దాల నాటి బళ్లను ఒక్క మర కూడా మార్చకుండా, తొలినాటి రంగుతో సహా కాపాడుకొంటున్న వారి ఓపికను ఆ వ్యాసం చక్కగా చెప్పింది. అయితే రోడ్డు లేని చోటికి వెళ్లడం కోసం రూపం మార్చుకొన్న చిన్న కార్లకు కూడా ఒక చరిత్ర ఉందని, మా కొరాపుట్ కొండల్లో ఆ చరిత్ర నేటికీ చక్రాల మీద తిరుగుతోందని, మన నిబంధనల్లో మాత్రం దానికి చోటు లేకుండా పోయిందని తెలియజేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను సునాబెడలోని విమాన ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా పూర్వులది సాలూరు ప్రాంతం. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడల మీదుగా కొరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఏ కారైనా నడుస్తుంది. ఆ రహదారి దిగి కొటియా వైపో, దేవమాలి కొండ కింది పల్లెల వైపో తిరిగితే సంగతి వేరు. వానాకాలంలో ట్రాక్టర్లు తిరిగిన దారిలో రెండు పక్కలా లోతైన గాళ్లు పడి, నడుమ ఎర్రమట్టి కట్టలాగా లేచి ఉంటుంది. మామూలు చిన్న కారు చక్రాలు ఆ గాళ్లలో దిగగానే అడుగుభాగం మట్టికట్ట మీద ఆనుకొని, చక్రాలు గాలిలో తిరిగినట్టు తిరుగుతాయి. ఒక్కొక్కప్పుడు రాయి తగిలి ఇంజన్ ఆయిల్ చాంబరు పగిలిపోతుంది.

అలాగని బండి పెద్దదైతే చాలుననుకోవడం పొరపాటు. బురదలో బండి దిగబడడానికి మొదటి కారణం దాని బరువే. తిరిగే చక్రాల మీద తగినంత బరువు ఉండాలి, మొత్తం బండి మాత్రం తేలికగా ఉండాలి, అడుగు ఎత్తుగా ఉండాలి, గుర్రం అడుగులు వేసినట్టు నిదానంగా లాగే గేరు ఉండాలి. ఈ నాలుగింటినీ ఒక చిన్న కారులో కుదర్చడానికి ప్రపంచంలో ఎంతోమంది ఇంజనీర్లు తల బద్దలు కొట్టుకొన్నారు.

ఆ ప్రయత్నాలలో నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ వారి 2సీవీ సహారా. 1948లో పారిస్ ప్రదర్శనలో చూపిన అసలు 2సీవీయే పల్లెటూరి రైతు కోసం పుట్టిన బండి. దున్నిన చేను మీదుగా గంపెడు గుడ్లను పగలకుండా తీసుకుపోగలగాలన్నది దాని రూపకర్తల ముందు ఉంచిన షరతు. ఒక్కో పక్క ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ స్ప్రింగుల ద్వారా ఒకదానితో ఒకటి కలిపారు కనుక, ముందు చక్రానికి తగిలిన కుదుపులో కొంత వెనుక చక్రం పంచుకొనేది. అటువంటి కారును ఇసుక ఎడారిలో నడిపేందుకు నాలుగు చక్రాలనూ తిప్పవలసి వచ్చినప్పుడు, ముందున్న ఇంజన్ శక్తిని వెనుక చక్రాలకు చేరవేసే పొడవాటి షాఫ్టు (తిరిగే ఇనుప కడ్డీ) వేయకుండా, డిక్కీ ఉండవలసిన చోట మరో 425 సీసీ ఇంజన్ను అమర్చారు. ముందున్న ఇంజన్ ముందు చక్రాలను, వెనుకనున్నది వెనుక చక్రాలను తిప్పుతుంది. గేరుబాక్సులు రెండైనా గేరు రాడ్డు ఒకటే, క్లచ్ పెడలు ఒకటే. పెట్రోలు ట్యాంకులు ముందు సీట్ల కింద ఉండడం వల్ల పెట్రోలు పోయడానికి తలుపులకే రంధ్రాలు కోశారు. ఒక ఇంజన్ పాడైనా రెండవదానితో ఇంటికి చేరవచ్చు. మొత్తం తయారైనవి 694 మాత్రమే. ఒక ఇంజన్ను సరిగా తిప్పడమే ఎంత పనో నాకు తెలుసు. రెండింటిని ఒకే క్లచ్ పెడలుతో సమంగా నడిపించిన ఆ చేతుల నైపుణ్యానికి నేను మనసారా నమస్కరిస్తాను.

ఓడిపోయిన ప్రయత్నం కూడా అంతే పాఠం చెబుతుంది. బ్రిటన్‌లో మినీ అనే చిన్న కారును రూపొందించిన అలెక్ ఇసిగోనిస్, విమానం నుంచి పారాచూట్‌తో దించగలిగేటంత తేలికగా, సైన్యం కోసం మినీ మోక్ అనే బండిని రూపొందించారు. దానికి వేసిన చక్రాలు 10 అంగుళాలవి, అడుగు నేలకు మరీ దగ్గర, కనుక సైన్యం దానిని వద్దన్నది. 1964 నుంచి సాధారణ ప్రజలకు అమ్మారు. తరువాత ఆస్ట్రేలియాలో తయారుచేసినప్పుడు 13 అంగుళాల చక్రాలు వేయవలసి వచ్చింది. చక్రం పెరిగితే అడుగు లేస్తుంది. మా జయపురం మేస్త్రీలు ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టిన సంగతి ఇదే.

ఇటలీ వారి ఫియట్ పాండా 4x4 మరో మార్గం చూపింది. 1983లో వచ్చిన ఆ కారు ఇంజన్ 965 సీసీ, బరువు సుమారు 740 కిలోలు. గేరు రాడ్డు పక్కనున్న చిన్న లీవరును లాగితే వెనుక చక్రాలు కూడా తిరిగేవి. మొదటి గేరు ఎంత నిదానమైనదంటే చదును రోడ్డు మీద రెండవ గేరుతోనే బయలుదేరేవారట. జపానులో సుజుకి వారు 1970లో తెచ్చిన ఎల్జే10 అనే చిన్న జీపు ఇంజన్ 359 సీసీ, అంటే నేటి మోటారు సైకిలు ఇంజన్ అంత. అక్కడి చిన్న కార్ల చట్టం ప్రకారం పొడవు మూడు మీటర్లు దాటకూడదు కనుక స్టెప్నీ చక్రాన్ని వెనుక తగిలించకుండా లోపల సీటు పక్కనే పెట్టారు. ఆ వంశంలోదే 1985లో మన దేశంలో 970 సీసీ ఇంజన్‌తో మొదలైన మారుతి జిప్సీ. చట్టం పెట్టిన హద్దులోనే ఒక ఇంజనీరు దారి వెతుక్కోవడానికి అక్కడ అవకాశం దొరికింది. మా దగ్గర దొరకనిది సరిగ్గా అదే.

నా దగ్గర 1994 నాటి మారుతి 800 ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాలు లాగే కారు. జిప్సీ కొనే స్తోమత లేక, ఆ కారునే కొండదారికి తగినట్టు చేయించుకొన్నాను. జయపురంలోని ఒక మేస్త్రి ముందు షాక్ అబ్జార్బర్ల పైన, వెనుక స్ప్రింగుల కింద లేత్ మీద కోసిన ఇనుప బిళ్లలు వేసి ఒకటిన్నర అంగుళం లేపాడు. అంతకు మించి లేపమంటే ఒప్పుకోలేదు. ముందు చక్రాలను తిప్పే ఆక్సిల్ జాయింట్లు ఎక్కువ వంపులో తిరిగితే వాటి మీది రబ్బరు తొడుగులు చినిగి, దుమ్ము చేరి నాశనమవుతాయని, బండి పైబరువు పెరిగి మలుపులో ఒరిగిపోతుందని వివరించాడు. చాంబరు కింద మందపాటి రేకు బిగించి, ఆయిల్ మార్చడానికి అందులో రంధ్రం ఉంచాడు. చూపు కోసం పెద్ద పెద్ద టైర్లు, వరుస దీపాలు బిగించుకొనే వారిని చూసినప్పుడల్లా ఆ మేస్త్రి నిగ్రహం నాకు గుర్తుకు వస్తుంది.

ఒక వానాకాలం బాగుచేసిన పిండిమర మోటారును వెనుక సీటులో పెట్టుకొని పొట్టంగి అవతలి పల్లెకు బయలుదేరాను. మిట్ట మొదట్లోనే ఒక డీజిల్ జీపు ఇరుసుల దాకా దిగబడి ఉంది. నా కారు సగం ఎక్కి, ముందు చక్రాలు జారి ఆగిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది, నా బండిని లాగే చక్రాలు ముందున్నాయి, దానికి తోడు మోటారు వెనుక ఉంది. అందుకని కిందికి దిగి, బండిని తిప్పి, టైర్లలో గాలి కొంత తగ్గించి, రివర్స్ గేరులో ఎక్కించాను. అప్పుడు లాగే చక్రాలు పల్లం వైపు ఉంటాయి, బరువు వాటి మీదే పడుతుంది. మెడ వెనక్కి తిప్పి నడపడం కష్టమే గాని, మోటారు ఆ సాయంత్రమే పల్లెలో తిరిగింది.

ఇటువంటి బండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కోసం 2024లో తీసుకువెళ్తే, ఎత్తు పెంచిన భాగాలను తీసివేస్తేనే పరిశీలిస్తామని అధికారి చెప్పారు. ఆయన తప్పు చేశారని నేననను. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానినే గట్టిగా స్పష్టం చేసింది. ఇష్టం వచ్చినట్టు మార్చిన బళ్ల వల్ల ప్రాణాలు పోతాయి కనుక ఆ జాగ్రత్త అవసరమే. ఇక 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలో ఉన్న వాటికే వర్తిస్తాయి; పైగా అలా నమోదైన బండిని నిత్య అవసరాలకు వాడరాదు. అంటే మార్పు చేసినందుకు మామూలు నిబంధనలోనూ, నిత్యం పని చేస్తున్నందుకు వింటేజ్ నిబంధనలోనూ మా కార్లకు తావు లేదు.

అందువల్ల కొండ ప్రాంతపు జిల్లాల్లో పరిమితమైన కొన్ని మార్పులను, అంటే నిర్ణీత ఎత్తు వరకు బండిని లేపడం, అడుగున రక్షణ రేకు బిగించడం వంటి వాటిని, అర్హత గల ఇంజనీరు బ్రేకులు, స్టీరింగు, ఒరుగుదల పరీక్షించి రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేసే పద్ధతిని ప్రభుత్వాలు ఆలోచించాలని కోరుతున్నాను. పరీక్షకు తగిన రుసుము చెల్లించడానికి మాకేమీ అభ్యంతరం లేదు. అలాగే కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లోని మీ విలేకరులు ఈ బళ్లను, వాటిని తీర్చిన మేస్త్రీలను వెతికి, ఫోటోలతో సహా వివరాలు రాయించాలని మనవి. నా కారు పని చేసిన మేస్త్రికి ఇప్పుడు చూపు మందగించింది. ఆయన కొలతలన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. నేను కూర్చుని రాసుకొన్నవి ఒక నోటు పుస్తకంలో సగం వరకే వచ్చాయి.

బిళ్లలు తీయించి రిజిస్ట్రేషన్ చేయించుకొన్నాను. ఈ ఏడు వానలు పడ్డాక ఆ కారు రహదారి దిగలేదు. బిళ్లలు నాలుగింటినీ నూనె గుడ్డలో చుట్టి అటక మీద దాచాను.

ఇట్లు,
విశ్రాంత ఫిట్టరు,
సునాబెడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా.